ముందు, మధ్య, చివర

నవంబరు నెల, ఆదివారం. సాయంత్రం, పొద్దు ఇంకా గుంకలేదు. స్థలం: ఇబ్రహీంపట్నం, సాగర్ రోడ్డు వెనక వీధిలో ఆయన ఇంటి వరండా. ఉన్నవాళ్లు: ఆయన, ఆయన భార్య, ఒకప్పుడు ఆయన పనిచేసిన ఫ్యాక్టరీలోనే స్టోరు చూసిన ఖాజా మియా, కొంగరకలాన్ నుంచి వచ్చిన మహేందర్, నేను. బల్ల మీద మూత తీయని అమెరికా విస్కీ సీసా ఒకటి.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇంతే. నీటిపారుదల శాఖలో చెరువుల మట్టాలు రాసి రాసి రోజూ ఏదో ఒకటి రాయకపోతే నిద్రపట్టని అలవాటు వచ్చింది. ఏం జరిగిందో రాయను. ఎవరున్నారో, ఎక్కడ కూర్చున్నామో రాస్తే మిగతాది దానంతటదే గుర్తుంటుంది.

పోయిన నెల ఆయన పోయాడు. దినం నాడు టెంటు కింద నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా "ఏం ముక్కయ్యా ఆయనది" అన్నారు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే అది. మైకు చేతికొచ్చింది, లేచి నిలబడ్డాను, ఏమీ రాలేదు. చివరి మూడు నాలుగేళ్లు నేను చూసిన మనిషి ఆ ముక్కు పొగడ్తలో ఎక్కడా లేడు. మైకు పక్కవాళ్లకిచ్చి కూర్చున్నాను. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. చదువుదామని కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే ఎందుకు లేచానో తెలియడం లేదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ఉద్యోగం విస్కీ రుచి చూడటం. ఊరవతల ఒకప్పుడు నడిచిన మద్యం ఫ్యాక్టరీలో బ్లెండరు. వేర్వేరు పీపాల్లో ఉన్న సరుకును ఏ పాళ్లలో కలిపితే నిన్నటి రుచే ఇవాళా వస్తుందో తేల్చడం ఆయన పని. "తాగెటోనికి నిన్న, ఇయ్యాల ఒక్కతీరుగ ఉండాలె తమ్మీ. గదే నా నౌకరి" అనేవాడు. కెమిస్ట్రీ చదివాడు. అయితే ఆయన చదువు గురించి ఎవరూ అడిగేవాళ్లు కాదు, ముక్కు గురించే అడిగేవాళ్లు.

రుచి చూసే వేళ మధ్యాహ్నం భోజనానికి ముందు. కడుపు పెద్దగా, మూతి సన్నగా ఉండే గ్లాసులు వరసగా పెట్టేవారు. ఒక్కో గ్లాసు మీద వాసన పోకుండా ఒక గాజు బిళ్ల. ఆ బిళ్ల తీసి, నోరు కొద్దిగా తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చేవాడు. నీళ్లు కలిపి మళ్లీ పీల్చేవాడు. ఆఖరికి ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, పక్కన ఇసుక బకెట్‌లో ఉమ్మేసేవాడు. మింగడమన్నది లేదు. ఉద్యోగమంతా ఉమ్మేసిన మనిషి, రిటైరయ్యాక కూడా తాగడం మొదలుపెట్టలేదు.

ఈ విషయంలో ఖాజా మియాకూ ఆయనకూ ఎప్పుడూ వాదన.

"నేను గా ఫ్యాక్టరీల మందు మధ్యన్నే బతికిన. ఒక్క చుక్క పెదవికి తగలనియ్యలే" అనేవాడు ఖాజా. "ఈ సాబ్ దినాం నోట్లె పోసుకుని ఉమ్మిండు. ఇద్దర్ల ఎవలు పక్కా చెప్పుండ్రి?"

"నువ్వు పక్కా ఏందిరా, నీకు భయం" అనేవాడు ఆయన.

"అవ్, భయమే. అల్లాకు భయపడ్డ. నువ్వు ఎవలికి భయపడ్డవ్?"

"నాలుకకు."

ఆ ఉమ్మే అలవాటు వల్ల బయట ఇబ్బందులు వచ్చేవి. బస్టాండు ఎదుట హోటల్లో టీ తాగితే మొదటి గుక్క పుక్కిలించి పక్కకు ఉమ్మేవాడు. కొత్తగా వచ్చిన హోటలాయన ఒకసారి గొడవకు దిగాడు. "పెద్దమనిషి, బాగలేకపోతే పైసలియ్యకు, గట్ల నా దుకాణం ముంగట ఉమ్ముతవా?" అని. ఈయన నింపాదిగా, "బాగుంది కాబట్టే రెండో గుక్క తాగుతున్న" అన్నాడు.

ప్రతి దాన్నీ మూడు ముక్కలుగా చూసేవాడు. ముందు, మధ్య, చివర. నాలుక మీద పడగానే ఏం తగిలింది, పరుచుకున్నాక ఏం తగిలింది, ఉమ్మేశాక ఏం మిగిలింది. విస్కీకి పెట్టుకున్న ఈ కొలత పెళ్లిళ్లకు, సినిమాలకు, మీటింగులకు కూడా వాడేవాడు. ఒకసారి ఊళ్లో ఓ నాయకుడి సభ నుంచి తిరిగొస్తూ, "ముందు తీపి, మధ్యల నీళ్లు, చివర ఏం మిగల్లేదు. ఎసెన్స్ మాలు" అన్నాడు. పీపాలో నిలవ పెట్టకుండా వాసన ద్రావకం కలిపి చేసే చవక సరుకును అలా అనేవాడు. నా గురించి ఏమంటావని ఒకసారి అడిగాను. చాలాసేపు నన్ను చూసి, "నీకు ముందు లేదు తమ్మీ. మధ్యల దొరుకుతవ్" అన్నాడు. నేను నొచ్చుకోలేదు. పొగడ్తో, కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ముక్కు కోసం ఆ ఇల్లు చేయని త్యాగం లేదు. ఆయన భార్య, నేను వదినె అని పిలిచే ఆవిడ, మల్లెపూలు పెట్టుకునేది కాదు. డ్యూటీ ఉన్న రోజుల్లో తెల్లవారి పోపు వేసేది కాదు, ఇంగువ డబ్బా ఇంట్లోనే లేదు. సబ్బు వాసన లేనిది, తలకు నూనె లేదు, దేవుని దగ్గర ఊదుబత్తి ఆదివారం మాత్రమే. పెళ్లయిన కొత్తలో తెలియక మూరెడు పూలు పెట్టుకుని ఎదురొస్తే గుమ్మంలోనే ఆగిపోయాడని, ఆ రోజు సెలవు పెట్టాడని ఆమె మా ఆవిడతో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. వినేవాళ్లకే నవ్వు రాలేదు.

ఫ్యాక్టరీలోనూ అంతే. రంజాన్ మర్నాడు ఖాజా అత్తరు పూసుకుని డ్యూటీకి వచ్చాడట. ఈయన గది తలుపు లోపలి నుంచి, మనిషి కనబడకముందే, "ఖాజా, అక్కడ్నే ఆగు. పోయి మొకం, మెడ, చేతులు కడుక్కో. అంగీ మార్చుకో" అని అరిచాడు. అంగీ ఎక్కడిది? ఖాజా ఆ పూటంతా గోదాములో ఖాళీ గోనెసంచి కప్పుకుని పనిచేశాడు. "పండుగ అంగీ తీసి తీగె మీద ఎండేసిన సాబ్, అత్తరు వాసన పోవాలని. మా ఇంట్ల చెప్తే మా అమ్మ శాపనార్థాలు పెట్టింది" అని వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన గర్వంగా నవ్వేవాడు.

కరోనా జ్వరం ఇద్దరికీ వచ్చింది. వదినె తేరుకుంది. ఆయనా తేరుకున్నాడు. ముక్కు తేరుకోలేదు.

ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, నేనే చూశాను. ఒక పొద్దున వెళ్తే ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. వదినె పక్కింటికి పోయింది. వంటింట్లో పాలు పొంగి, గిన్నె మాడి, పొగ హాల్లోకి వచ్చేసింది. గేటు దగ్గరికే నాకు వాసన కొట్టింది. పేపరు అడ్డం పెట్టుకుని ఆయన తాపీగా చదువుతున్నాడు. పరుగెత్తి స్టౌ ఆపి వచ్చేసరికి పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. నా మొహం చూశాడు.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"వదినెకు?"

"ఆమెకు ఎర్కనే."

డాక్టర్లు కొన్నాళ్లు ఆగమన్నారు. లవంగం, నిమ్మ, యూకలిప్టస్ రోజూ వాసన చూడమన్నారు. ఆయన ఆగలేకపోయాడు. ఒక్కచోట కూర్చోగలిగే మనిషి, రోడ్లమ్మట తిరగడం మొదలుపెట్టాడు. నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. కిరాణా దుకాణంలో జీలకర్ర బస్తా మీద వంగేవాడు. పెట్రోలు బంకు దగ్గర నిలబడేవాడు. మటన్ కొట్టు, మురికి కాలువ, కొత్తగా సున్నం కొట్టిన గోడ, వాన పడ్డ ప్లాట్ల మట్టి. అన్నిచోట్లా నిలబడి పీల్చి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపేవాడు. నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు మా నెత్తి మీద గుండ్రంగా తిరుగుతుండేవి. "గా విమానం తిరిగినట్టు తిరుగుతున్న తమ్మీ. దిగెతందుకు జాగ దొరుకుతలేదు" అన్నాడు ఒకరోజు.

సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు బస్టాండులో మల్లెపూలు కొని పట్టుకుపోయేవాడు. ఇప్పుడు పెట్టుకోవచ్చని. వదినె వాటిని తీసుకుని దేవుని పటానికి వేసేది. "ఇప్పుడు నాకెందుకు తమ్మీ?" అంది నాతో. ఆ తర్వాత పూల గురించి నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

రిటైరయ్యాక కూడా చిన్న చిన్న ఫ్యాక్టరీల వాళ్లు ఆయనకు చిన్న సీసాల్లో నమూనాలు పంపి మాట అడిగేవాళ్లు. జ్వరం తర్వాత మోకాళ్ల నొప్పులని చెప్పి అన్నిటినీ తిప్పి పంపాడు. ముక్కు పోయిందని తెలిస్తే ఇంతకుముందు చెప్పిన మాటల మీద కూడా అనుమానం వస్తుందని ఆయన భయం. "నిన్నటిది గూడ అబద్ధమంటరు" అన్నాడు.

అలాంటి సమయంలో మహేందర్ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. వాళ్ల పొలం ప్లాట్లయింది. నలుగురితో కలిసి మద్యం కలిపి సీసాలకెత్తే చిన్న యూనిట్ పెడుతున్నాడు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఈయన్ని హెడ్ బ్లెండరుగా రమ్మన్నాడు. ముందుగా ఒక మంచి విదేశీ సీసా తెస్తానని, దాని మీద ఆయన మాట వినాలని ఉందని అన్నాడు.

ఆయన ఒప్పుకున్నాడు. నేను వాళ్లింటికి పోయి నిలదీశాను.

"ఎట్ల చేస్తవన్నా? ఏం చెప్తవ్?"

"నాలుక ఉన్నది గద. తీపి, చేదు, వగరు, మంట. గవి ఎక్కడికి పోలే."

"వాసన?"

ఆయన లేచి వరండా చివరిదాకా నడిచి వచ్చాడు. మళ్లీ నడిచాడు. "మంచి సరుకైతే ముక్కు లేస్తదేమో తమ్మీ" అన్నాడు. కుర్చీలో కూర్చుని, "లేవకున్నా సరే. ఒక్కసారి గ్లాసు ముంగట కూసోవాలె. నన్ను అడగాలె ఎవరన్న, నేను చెప్పాలె" అన్నాడు.

ఆ ఆదివారం నేను ముందే వెళ్లి కూర్చున్నాను. ఆయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నాలుగు గ్లాసులు, గాజు బిళ్లలు కడిగి, గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. మహేందర్ పొద్దున రాలేనన్నాడు కాబట్టి సాయంత్రమే అయింది. వెలుతురు ఉండగానే మొదలుపెడదామన్నాడు ఆయన.

మహేందర్ సీసా తీసి రెండు చేతులతో అందించాడు. విమానాశ్రయంలో వాళ్ల బావ కొన్నదట. ఆయన సీసా మీద రాసింది చదివాడు, మాకు చెప్పాడు. ఇది ఒక్క పీపాది కాదు. మొక్కజొన్నతో చేసినదాన్ని, రై అనే గింజతో చేసినదాన్ని, వేర్వేరు రాష్ట్రాల నుంచి తెచ్చి కలిపారు. కలిపినదాన్ని తీపి ద్రాక్షసారా అంతకుముందు ఉంచిన పీపాల్లో పోసి మళ్లీ కొన్ని నెలలు నిలవ పెట్టారు.

"ఎందుకు సార్ రెండుసార్లు?" అడిగాడు మహేందర్.

"ఒక్క ఊర్ల చదివి ఇంకో ఊర్ల నౌకరి చేసినట్టు. పెరిగింది లోపల కాల్చిన కొత్త పీపాల. తర్వాత ఈ పాత పీపాలకు పోయి, అక్కడి మాట జర నేర్చుకుంటది. ఎంత నేర్చుకోవాలె, ఎప్పుడు బయటికి తియ్యాలె, గదే పని. ఎక్కువ దినాలుంచితే సొంత మాట మరుస్తది."

ఆయన మూత తీసి ఒక గ్లాసులో కొద్దిగా పోసి, పైన గాజు బిళ్ల పెట్టాడు. మహేందర్ ఫోన్ తీసి వీడియో తీయడం మొదలుపెట్టాడు. అప్పుడే గేటు చప్పుడైంది. ఖాజా మియా వచ్చాడు.

మంచాల ఊళ్లో మేనల్లుడి నిఖా, దావత్ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చాడు. తెల్ల లాల్చీ, టోపీ, మెడ దగ్గర, మణికట్ల దగ్గర గుప్పుమనే అత్తరు. ఖాజా వీధి మలుపు తిరగకముందే మా దగ్గరికి వాసన వచ్చిందంటే నమ్మాలి. వచ్చి ఆయన పక్క కుర్చీలోనే, భుజానికి భుజం తగిలేలా కూర్చున్నాడు. "సలాం సాబ్. మంచిగ ఉన్నరా?"

"ఆ, కూసో కూసో. టైముకు వచ్చినవ్" అన్నాడు ఆయన, గ్లాసు పైన గాజు బిళ్ల తీస్తూ.

వదినె తలుపు దగ్గరే నిలబడిపోయింది, చేతిలో పల్లీల గిన్నెతో.

ఆయన గ్లాసు పైకెత్తాడు. వెలుతురుకు పట్టి రంగు చూసి, "రంగును నమ్మొద్దు" అన్నాడు. నోరు కొద్దిగా తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ భంగిమలో ఏ లోటూ లేదు. ఖాజా చెయ్యి బల్ల మీద, గ్లాసుకు జానెడు దూరంలో ఉంది.

ఖాజా మొదట నవ్వుతూ చూశాడు. తర్వాత తన మణికట్టు వైపు చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూశాడు, నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నిమ్మళంగా కుర్చీ వెనక్కి జరుపుకుని లేవబోయాడు. అప్పుడే మహేందర్ అన్నాడు:

"ఖాజా చాచా, అత్తరు మస్తు పూసుకొచ్చినవ్. నాకు విస్కీ వాసనే రాకుండైంది! సార్‌కు అడ్డం రాదా?"

ఆయన కళ్లు తెరిచాడు. గ్లాసు అట్లాగే గాలిలో ఉంది. ఖాజా వైపు తిరిగాడు. ఆ క్షణందాకా పక్కన ఉన్నది అత్తరు పూసుకున్న మనిషి అని ఆయనకు తెలియదు. తెల్ల లాల్చీని, టోపీని ఇప్పుడు చూశాడు.

"అడ్డం రావాలనే పూసుకొచ్చిన, అయ్యా!" అన్నాడు ఖాజా గట్టిగా. మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "ఏం అనుకున్నవ్ సాబ్‌ను? రెండ్రోజుల కింద పందెం కట్టినం. సాబ్ నువ్వు ముసలోనివైనవ్, ఇప్పుడు అత్తరు పక్కన కూసుంటే నీకు మందు దొరకదంటి. దొరుకుతదన్నడు. గందుకే ఇంత పూసుకున్న. పెండ్లిల అందరు నన్నే చూసిండ్రు పెండ్లికొడుకును విడిచిపెట్టి."

"అబ్బా! గిట్లాంటి పందాలు గూడ ఉంటయా?" మహేందర్ ఫోన్ ఇంకా దగ్గరికి తెచ్చాడు. "చెప్పుండ్రి సార్, చెప్పుండ్రి."

ఆయన ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. నాలుక మీద తిప్పాడు. పక్కన పెట్టిన మగ్గులో ఉమ్మేశాడు.

"ముందు తీపి. తొందరగ వస్తది, జర ఎక్కువనే వస్తది. మధ్యల పలుచన. గింజ నిలబడాల్సిన తావుల నిలబడలే, తీపి కప్పేసింది. చివర చెక్క. పండ్ల చిగుళ్లను పట్టుకుంటది చూడు, వగరు. మంట గొంతులకు పోతలేదు, నాలుక మీదనే సల్లారింది. మంచిగ కలిపిండ్రు. గాని ఆఖరి పీపాల ఎక్కువ దినాలుంచిండ్రు."

ఇవన్నీ నాలుకతో చెప్పగలిగినవే. ఆయన అక్కడ ఆగుతాడనుకున్నాను.

"వాసన సార్?"

"ఎండుద్రాక్ష" అన్నాడు ఆయన. "దాల్చినచెక్క. వెనకనుంచి జర చాక్లెట్."

మహేందర్ చప్పట్లు కొట్టాడు. రేపు పొద్దున ఫోన్ చేసి మిగతా సంగతులు మాట్లాడతానని, సీసా ఆయన దగ్గరే ఉంచి కారెక్కి పోయాడు. వదినె వచ్చి పల్లీల గిన్నె బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టలేదు.

ఖాజా లేచి వెళ్లి పెరట్లో నల్లా కింద మెడ, చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆయన వెనకాలే వెళ్లాడు. "ఇడువు ఖాజా. ఇప్పుడెందుకు?" అన్నాడు.

"ఊకో సాబ్" అన్నాడు ఖాజా. తల ఎత్తలేదు. చేతులు రుద్దుతూనే ఉన్నాడు. "ఎప్పటి సంది?"

ఆయన నల్లా కట్టేసి, తన భుజం మీది తువ్వాల తీసి ఖాజాకు ఇచ్చాడు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఆయన వెళ్తాడు, ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఆ వీడియో కూడా ఉంది. వెళ్లకపోతే మళ్లీ జీలకర్ర బస్తాల చుట్టూ తిరుగుతాడు. రెండూ ఆలోచించాను, ఒకదాని మీదా నిలవలేకపోయాను.

మర్నాడు పొద్దున, మా ఆవిడ ఇంకా వాకిలి ఊడుస్తుండగానే ఆయన వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. అందులో నుంచి ఆ సీసా, రెండు గ్లాసులు, నీళ్ల బాటిల్ తీసి మా అరుగు మీద పెట్టాడు.

"నీ ముక్కు జర కావాలె తమ్మీ."

"నా ముక్కా? నేను మందు ముట్టనోణ్ణి అన్నా."

"గందుకే. ఖరాబ్ కాలే."

కొంచెం పోసి ఇచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకోగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. "సూది ఇచ్చేముందు దవాఖానల దూదితోని తుడుస్తరు చూడు, గట్లున్నది" అన్నాను. ఆయన నవ్వాడు.

"మొదలు అందరూ గదే అంటరు. లోపల పెట్టకు. గ్లాసు గడ్డం దగ్గరికి తీస్కో. నోరు జర తెరువు. గుంజకు, ఊపిరి తీసుకుంటున్నట్టే తీసుకో."

అలాగే చేశాను. చాలాసేపు ఏమీ దొరకలేదు. తర్వాత ఏదో వచ్చింది. "మొక్కజొన్న" అన్నాను. "పొత్తులు ఉడకబెట్టిన నీళ్లు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఆ. ఇంకా?"

"కొత్త తలుపు. రంద పట్టిన చెక్క పొట్టు."

"ఇంకా?"

"రేగుపండ్లు. పచ్చివి కాదు, చాటల ఎండబోసినయి."

"నిన్న నేనేమన్న?"

"ఎండుద్రాక్ష అన్నవ్."

"సీసా మీద ఉన్నది చదివి చెప్పిన. రేగుపండ్లా..." అన్నాడు. ఆ మాటను నోట్లో తిప్పుకుంటున్నట్టే పెదవులు కదిలాయి.

ఫోన్ మోగింది. మహేందర్. ఆయన నావైపు చూసి స్పీకర్ పెట్టాడు.

"సార్ నమస్తే. ఒకటో తారీఖు నుంచి రాండి. కారు పంపుత."

"మహేందర్, ఒక మాట చెప్పాలె. నాకు వాసన రాదు. జ్వరం వచ్చినప్పటి సంది లేదు. నిన్న వాసన సంగతి నేను చెప్పిందంతా ఉత్తదే. ఖాజా నన్ను కాపాడిండు."

నేను గ్లాసు గట్టిగా పట్టుకున్నాను.

"గంతేనా సార్?" అన్నాడు మహేందర్. గొంతులో నిజంగానే ఊరట. "నేనింకా ఏందోనని పరేషానైన. వాసనకు ఏం ఫికర్ లేదు సార్. ఎసెన్స్ పంపెటోళ్లే పాళ్లు గూడ రాసి పంపుతరు, మా పిలగాండ్లు కలుపుతరు. మీరు చూసేది ఏం లేదు. మీ పేరు, మీ సర్వీసు ఉంటే లైసెన్సు కాడ పని తేలికైతది. గోడకు మీ ఫొటో ఒకటి పెద్దగ పెడ్త."

"మరి నిన్న ఈ సీసా ఎందుకు తెచ్చినవ్?"

"మిమ్ముల ఖుష్ చేద్దామని సార్."

పైన విమానం ఒకటి తిరుగుతోంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆయన ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. తెలిసిపోతుందని అంతకాలం భయపడిన మనిషి. తెలిసినా తేడా లేదన్న మాట వినాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఫొటోల నా ముక్కు గూడ పడ్తది గద బాబూ" అన్నాడు చివరికి. "నేను రాను."

"సార్, సార్, ఒక్క నిమిషం—"

ఫోన్ కట్ చేసి సంచిలో వేశాడు. లేచి అరుగు అంచుదాకా నడిచాడు. తిరిగి వస్తాడా, అట్లాగే వీధిలోకి పోతాడా అని చూస్తున్నాను. తిరిగి వచ్చాడు. నా పక్కన కూర్చుని, రెండో గ్లాసులో కొద్దిగా విస్కీ పోసి, నీళ్ల బాటిల్ మూత తీశాడు. చుక్కలు చుక్కలుగా నీళ్లు కలిపాడు. గాజు బిళ్ల తేలేదని తన అరచేయి గ్లాసు మీద మూతగా పెట్టాడు. కాసేపు ఆగి, చెయ్యి తీసి గ్లాసు నా ముందుకు జరిపాడు.

"నీళ్లు పడ్డంక లోపలియి బయటికొస్తయి. తొందరేం లేదు. నిమ్మళంగ చూసి చెప్పు."

నేను చూసి చెప్పడం మొదలుపెట్టాను. వదినె టిఫిన్‌కు పిలవడానికి వచ్చేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు.